ఒడి పక్కన ఒక ఆసనం

భూమి మీద పడిన ప్రతి బిడ్డకూ తొలి ఆసనం తల్లి ఒడి. ఆ మాటకు తిరుగులేదు. పురిటి నెల తీరగానే ఎడ్లబండి కట్టించుకొని, పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని ఊరు చేరిన తల్లుల కథలు మన ఇళ్ళలో ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ బండి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడిచేది. దారిలో బిడ్డకు కలిగే ఇబ్బందులు ఎండ, వాన, గతుకులు మాత్రమే. ఆ మూడింటినీ ఒడి సులువుగా కాచుకొనేది.

తరువాత ఆర్టీసీ బస్సులు వచ్చాయి, స్కూటర్లు వచ్చాయి. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన పిమ్మట, ఉద్యోగస్తుల ఇళ్ళ ముందు చిన్న కార్లు నిలబడసాగాయి. వాహనం మారింది, వేగం పది రెట్లు పెరిగింది, బిడ్డ కూర్చొనే చోటు మాత్రం మారలేదు. ఆసుపత్రి గుమ్మం దిగి కారెక్కే పసికందులు చాలామంది నేటికీ ఎవరో ఒకరి ఒడిలోనే ప్రయాణిస్తున్నారు. మా ఇంట పాప పుట్టబోతున్నదని తెలిసిన నాటి నుండి మమ్మల్ని ఆలోచింపజేసిన విషయం ఇదే. మేమిద్దరమూ కలిసి ఆలోచించినది, చేసినది, తెలుసుకొన్నది సహోద్యోగులతో పంచుకొనాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందుగా కాస్త లెక్క చూద్దాము. కర్మాగారంలో పనిచేసే వారికి లెక్క చెబితే తప్ప మనసు కుదుటపడదు కదా! గంటకు 50 కిలోమీటర్ల వేగం మన దృష్టిలో వేగమే కాదు. కాని ఆ వేగంతో పోయే కారు దేనికైనా ఢీకొంటే, లోపలి వారికి తగిలే దెబ్బ దాదాపు పది మీటర్ల ఎత్తు నుండి, అనగా మూడంతస్తుల మేడ మీది నుండి పడిన దానితో సమానం. కారు ముందు భాగం నలిగి అర మీటరు దూరంలో బండి ఆగిందనుకొందాము. ఆ క్షణంలో ప్రతి వస్తువూ తన బరువుకు ఇరవై రెట్ల బలంతో ముందుకు దూకుతుంది. మూడున్నర కిలోల పసిబిడ్డ డెబ్బై కిలోల బరువవుతుంది. ఇదంతా సెకనులో పదోవంతు లోపున ముగిసిపోతుంది. చేతులు బిగించాలన్న ఆలోచన మెదడు నుండి వేళ్ళకు చేరేసరికే జరగవలసినది జరిగిపోతుంది.

పెద్దవారి నడుముకు ఉన్న సీటు బెల్టునే బిడ్డ చుట్టూ కూడా వేస్తే సరిపోతుందని కొందరంటారు. అది మరింత ప్రమాదకరం. పెద్దవారి శరీర భారమంతా వెనుక నుండి బిడ్డ మీద పడుతుంది. పెద్దవారు అసలు బెల్టే పెట్టుకోకపోయినా ఫలితం అదే.

పసిబిడ్డ శరీరం పెద్దవారి శరీరానికి చిన్న నమూనా కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగోవంతు తలే ఉంటుంది. పెద్దవారిలో అది ఎనిమిదోవంతు. అంత బరువైన తలను మోసే మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. ముందు వైపుకు తిరిగి కూర్చున్న బిడ్డకు దెబ్బ తగిలినపుడు మొండెం పట్టీల వద్ద ఆగిపోయినా తల ఆగదు. అందుచేతనే పసిపిల్లల ఆసనాన్ని కారు వెనుక వైపుకు తిప్పి అమరుస్తారు. బిడ్డ ముఖం వెనుక అద్దం వైపు ఉంటుంది. దెబ్బ తగిలినపుడు తల, మెడ, వీపు మూడూ కలిసి ఆసనపు వీపులోకి ఒత్తుకుంటాయి. బలం ఒక్కచోట పడక వీపంతటా పరచుకుంటుంది.

ఈ ఊహ స్వీడన్ దేశపు ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్‌ది. 1960ల దశకంలో అమెరికా జెమినీ నౌకలలోని వ్యోమగాములు పైకి లేచేటప్పుడు పుట్టే ఒత్తిడిని వీపుతో భరించే తీరు చూసి, పసిపిల్లలకూ ఆ పద్ధతే తగినదని ఆయన తలచారు. 1964లో వోల్వో కార్ల సంస్థ ఇటువంటి తొలి నమూనాను పరీక్షించింది. పెద్దలు నేడు వాడే మూడు చోట్ల బిగిసే సీటు బెల్టును అదే సంస్థలో నీల్స్ బోలిన్ 1959లోనే రూపొందించారు. సరిగా అమర్చిన పిల్లల ఆసనం కార్లలో ఏడాదిలోపు శిశువుల ప్రాణాపాయాన్ని 71 శాతం తగ్గిస్తుందని అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ అంచనా. మన దేశంలో కూడా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను సీటు బెల్టుతో గాని, తగిన ఆసనంతో గాని భద్రపరచకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. చట్టం ఉన్న సంగతి చాలామందికి తెలియదు. మాకు మాత్రం జరిమానా కన్నా ఆ డెబ్బై కిలోల లెక్కే ఎక్కువ భయం కలిగించింది.

ఎనిమిదో నెల రాగానే ఆసనం వేటలో పడ్డాము. మా కారు ఎనిమిది వందల సి.సి. చిన్న కారు. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2360 మిల్లీమీటర్లు. ఆ కాస్త చోటులోనే ఇంజను వెనుక నలుగురు పెద్దవారు, వారి మోకాళ్ళు, టిఫిన్ క్యారియర్లు, ఊరి నుండి వచ్చే బియ్యం మూట సర్దుకోవాలి. కొత్త కార్లలో సీటు మూలన దాగి ఉండే ఉక్కు కొక్కేలకు ఆసనాన్ని తగిలించే ఐసోఫిక్స్ పద్ధతి ఉన్నది. దానికి అంతర్జాతీయ ప్రమాణం 1999లో వెలువడింది. మా కారుకు ఆ కొక్కేలు లేవు. కనుక సీటు బెల్టుతోనే బిగించవలసి ఉన్నది. సరిగా బిగిస్తే బెల్టు పద్ధతి కూడా క్షేమమైనదే.

కొనేటప్పుడు చూడవలసినది రంగు, పువ్వుల గుడ్డ కాదు. ఆసనం మీద పరీక్షా ముద్ర ఉండాలి. వృత్తంలో ఇంగ్లీషు ఇ అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే అది ఐరోపా ప్రమాణం. అందులో ఆర్ 44 బిడ్డ బరువును బట్టి, ఆర్ 129 బిడ్డ పొడవును బట్టి లెక్కిస్తాయి. పదిహేను నెలలు నిండేవరకు బిడ్డ వెనుకకే తిరిగి ఉండాలని ఆర్ 129 శాసిస్తున్నది. మన దేశపు ప్రమాణం ఎ.ఐ.ఎస్. 072. మేము తీసుకొన్నది పుట్టిన నాటి నుండి పదమూడు కిలోల వరకు వాడదగినది, పైన పిడి గలది.

అయితే ముద్ర ఉన్నంత మాత్రాన ప్రతి ఆసనమూ ప్రతి కారులో ఇమడదు. అందుకే కారులో పెట్టి చూచిన తరువాతే డబ్బిస్తామని దుకాణదారుతో ముందే మాట్లాడుకొన్నాము. ఆయన మంచి మనిషి, మండుటెండలో తానూ మాతోపాటు నిలబడ్డాడు. మొదట చూపిన ఆసనం మాకు నచ్చినదే. కాని సీటు బెల్టు దాని ఒడిని చుట్టి, వీపు వెనుక నుండి తిరిగి వచ్చేసరికి, బకిల్ చేరడానికి రెండంగుళాలు తక్కువ పడింది. బెల్టుకు అతుకు వేయించవచ్చునని పక్కనున్న వారెవరో సలహా ఇచ్చారు. కర్మాగారంలో తెగిన స్లింగుకు ముడి వేసి బరువెత్తే వారు ఉంటారా? ఆసనం చేసినవారు అనుమతించని ఏ అతుకూ పనికిరాదు. రెండవ ఆసనం వీపు కొంచెం సన్ననిది. దానికి బెల్టు సరిపోగా ఇంకా జానెడు మిగిలింది.

ఏ చోట పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. ముందు సీటులో, ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తూ ఉండగా, వెనుకకు తిరిగిన ఆసనాన్ని ఎన్నటికీ పెట్టరాదు. ఆ సంచి విచ్చుకొనే వేగానికి బిడ్డ తల నిలువదు. వెనుక సీటు మధ్య భాగం మంచిదే, కాని మా కారులో అక్కడ మూడు చోట్ల బిగిసే బెల్టు లేదు. నడిపేవారి వెనుక పెడితే నడిపేవారి సీటు ముందుకు జరపాలి, స్టీరింగ్ ఛాతీకి తగులుతుంది. కనుక ఎడమ వైపు, ముందు ప్రయాణికుని వెనుక చోటు నిర్ణయించాము. మన దేశంలో అది రోడ్డు అంచు వైపు కూడాను. బిడ్డను ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు వాహనాల రద్దీలోకి పోనక్కరలేదు. ముందు సీటును నాలుగు గళ్ళు ముందుకు జరపవలసి వచ్చింది. అందులో కూర్చునేవారి మోకాళ్ళు డాష్‌బోర్డును తాకుతాయి. ఆరడుగుల మా బావమరిది ఒకసారి కూర్చుని చూచి, తాను బస్సులోనే వస్తానని మర్యాదగా సెలవు తీసుకొన్నాడు.

అసలు పని అప్పుడు మొదలయింది. చిన్న కారులో వెనుక సీటు మెత్త వెనుకకు వాలి ఉంటుంది. దాని మీద పెట్టిన ఆసనం నిటారుగా లేచి నిలుస్తుంది. నిటారుగా ఉంటే పసిబిడ్డ తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి దారి మూసుకుపోతుంది. మరీ పడుకోబెడితే ప్రమాద సమయంలో బిడ్డ పైకి జారిపోతుంది. మా ఆసనం పక్కన వాలు తెలిపే గీత ఒకటి ఉన్నది, కారు సమతలంలో ఉన్నపుడు అది నేలకు సమాంతరంగా ఉండాలి. చుట్టిన తువ్వాలు అడుగున పెట్టవచ్చునని ఆసనం పుస్తకం అనుమతించింది గనుక, గట్టిగా చుట్టిన తువ్వాలు ఒకటి పెట్టగానే గీత సరిపడింది. పుస్తకం అనుమతించకపోతే అదీ పెట్టరాదు.

తరువాత నడుము బెల్టును నీలి రంగు గుర్తుల గుండా పోనిచ్చి, బకిల్ వేసి, ఒకరు ఆసనాన్ని అరచేతితో సీటులోకి అదిమి ఉంచగా మరొకరు సడలంతా లాగాము. బకిల్ ఆసనపు అంచు మీద ఒరిగి వంకర తిరగలేదు గదా అని చూచాము, అలా తిరిగితే దెబ్బకు అది విరగవచ్చు. చివరగా బెల్టు పోయే చోట ఆసనాన్ని పట్టుకొని అటూ ఇటూ కదిపాము. అంగుళానికి మించి కదలకూడదన్నది నియమం. క్రేన్ మీద పనిచేసేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. స్లింగులో సడలు ఉన్నంతసేపూ బరువు స్వేచ్ఛగా పడుతుంది, ఆ సడలు తీరిన క్షణాన కుదుపు వస్తుంది. బెల్టుకైనా అంతే.

బిడ్డ ఇంకా రాలేదు గనుక, మూడున్నర కిలోల బియ్యం చిన్న సంచిలో పోసి, మూతి కట్టి ఆసనంలో కూర్చోబెట్టాము. భుజాల పట్టీలు భుజం ఎత్తునగాని, కాస్త దిగువనగాని రావాలి. పట్టీని వేళ్ళతో గిల్లితే మడత అందకూడదు. ఆ బియ్యపు బిడ్డతో టౌన్‌షిప్ అంతా రెండు చుట్లు తిరిగాము.

ఇంతవరకు పని పనిముట్లతో. ఇక మనుషులతో చేయవలసినది మిగిలింది. మాలో ఒకరికి తల్లి, మరొకరికి అత్తగారు అయిన పెద్దావిడ పురుడు పోయడానికి శ్రీకాకుళం వైపు పల్లె నుండి వచ్చారు. నలుగురు బిడ్డలను కని పెంచిన మనిషి. ఆసనాన్ని చూచి, "పసిగుడ్డును తట్టలో పెట్టి కట్టేస్తారా బాబూ? నా నలుగురూ నా ఒడిలోనే తిరిగారు. ఒక్కరికి గీత పడలేదు" అన్నారు. ఆమె మాటలో అబద్ధం లేదు. మేము లెక్క చెప్పబోతే, "ఆ సంచి ఇలా ఇవ్వండి. నేను ఒడిలో పెట్టుకుంటాను, మీరు బ్రేకు వెయ్యండి" అన్నారు.

ఆదివారం ఉదయం, ఎవరూ లేని టౌన్‌షిప్ రోడ్డు మీద, ఆమెకు బెల్టు పెట్టి, ఇరవై కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేశాము. సంచి ఆమె చేతుల్లోనే ఉన్నది. "చూశారా?" అని నవ్వారు. ఆమె గెలుపును మేము కాదనలేదు. గట్టి బ్రేకు సంచిని ముందుకు నెట్టే బలం దాని సొంత బరువుకు మించదు. టైరుకు రోడ్డు మీద ఉన్న పట్టు అంతే. మూడు కిలోల బలాన్ని ఆ చేతులు ఆపగలవు. గుద్దుకోవడం వేరు. "అమ్మా, ఒక వడ్ల బస్తాను మేడ మీది నుండి నీ ఒడిలోకి వేస్తే పట్టుకుంటావా?" అని కూతురు అడిగింది. ఆమెకు కిలోల లెక్క తెలియకపోయినా వడ్ల బస్తా తెలుసు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "మరి నేనెక్కడ కూర్చోవాలి?" అని అడిగారు.

ఆ ప్రశ్నతో మాకు విషయమంతా బోధపడింది. ఆమె బాధ ఆసనం గురించి కాదు. మనుమరాలి తొలి ప్రయాణంలో తన స్థానం ఏమిటన్నది ఆమె ప్రశ్న. అమ్మమ్మ ఒడికి బదులుగా ఒక ప్లాస్టిక్ వస్తువు వచ్చి కూర్చుంటే ఆమె చేతులకు పని ఏమిటి? వెనుక సీటులో బిడ్డ పక్కన, సొంత బెల్టుతో, బిడ్డ ముఖానికి జానెడు దూరంలో ఆమె స్థానమని చెప్పాము. నడిపేవారు రోడ్డును మాత్రమే చూడగలరు. వెనుకకు తిరిగి ఉన్న బిడ్డ ముఖం ముందున్న వారికి కనబడదు. గడ్డం వాలిందా, పెదవుల రంగు బాగున్నదా, ఊపిరి సమంగా ఉన్నదా అని చూసే కళ్ళు ఒకరివి తప్పక కావాలి. ఏ ఆసనమూ ఆ పని చేయలేదు.

పుట్టిన మూడవ రోజున పాపను ఇంటికి తెచ్చుకొన్నాము. ఆసుపత్రి వారు పొత్తిళ్ళలో చుట్టి ఇచ్చారు. లావుపాటి గుడ్డ చుట్టి పట్టీలు బిగిస్తే, ఆ గుడ్డ అణిగినంత మేరా సడలే మిగులుతుంది. అందుచేత పలుచని చొక్కాతో పడుకోబెట్టి, ముందు పట్టీలు బిగించి, పైన గుడ్డ కప్పాలి. ఆ సంగతి అమ్మమ్మకు చెప్పగానే, తన పాత నేత చీర నాలుగు మడతలు వేసి తానే కప్పారు. ఎండకు కాగిన బకిల్ బిడ్డ తొడకు తగులుతుందని చేతితో తడిమి చూచినవారూ ఆవిడే. పిమ్మట ఎన్.ఎ.డి. కూడలి, షీలానగర్, గాజువాక మీదుగా ఉక్కునగరం వరకు, దారి పొడవునా లారీల మధ్య, ఆమె చూపుడు వేలు పాప గుప్పిట్లోనే ఉన్నది. ఇల్లు చేరగానే పాపను ఆసనం నుండి తీసి ఒడిలోకి అందించాము. కారు ఆసనం ప్రయాణానికే గాని నిద్రకు కాదు. ఇంట్లో దాన్ని ఉయ్యాలగా వాడరాదు. దూర ప్రయాణంలో కూడా రెండు గంటలకు ముందే ఆగి బిడ్డను బయటికి తీయాలి. తొలి వారాలలో ఇంకా త్వరగా ఆగడం మేలు.

కారులేని వారి మాట కూడా చెప్పుకోవాలి. ద్విచక్ర వాహనం మీద నాలుగేళ్ళ లోపు పిల్లలను తీసుకొనిపోయేటప్పుడు నడిపేవారికి బిడ్డను కట్టే భద్రతా పట్టీ ఉండాలని, తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు తలకు సరిపడే హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు మించరాదని 2022 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం నియమం చేసింది. అది మరుసటి ఏడు అమలులోకి వచ్చింది. పొత్తిళ్ళలోని పసికందుకు మాత్రం ఆ వాహనం తగనే తగదు.

మనం కర్మాగారంలో ఎత్తున పని చేయాలంటే నడుముకు పట్టీ లేనిదే నిచ్చెన ఎక్కము. ప్రతి ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం నాడు చేయి చాచి ప్రతిజ్ఞ చేస్తాము. ఆ క్రమశిక్షణ గేటు దాటగానే హెల్మెట్‌తోపాటు కొక్కేనికి తగిలించి రావలసినది కాదు. గేటు బయట మన కారులో ఎక్కే మనిషి మూడున్నర కిలోలవాడైనా, వాడికి భద్రతాధికారులం మనమే. బారసాలకు వెండి గిన్నె, ఉంగరం ఇవ్వడం మన ఆచారం. అయినవారు నలుగురు కలిసి ఒక ఆసనం ఇస్తే, అదీ బిడ్డకు తగిన కానుకే అవుతుంది.

మరొక్క మాట. మన వీధుల్లో ఉయ్యాల ఒక ఇంటి నుండి మరొక ఇంటికి పోతూ ఉంటుంది. ఆసనం కూడా అలా పోవచ్చు, కాని దాని చరిత్ర తెలిసి ఉండాలి. ప్రమాదంలో ఉన్న ఆసనాన్ని పైకి బాగున్నా వాడరాదు. గడువు తీరిన దానినీ వాడరాదు. ఇప్పుడు మా పాపకు పదకొండు నెలలు. త్వరలోనే పెద్ద ఆసనం కావలసి వస్తుంది, అదీ వెనుకకు తిరిగేదే. చిన్నదానికి మేము ఒక అట్టముక్క కట్టి ఉంచాము. కర్మాగారంలో ప్రతి స్లింగుకూ నంబరు, తేదీ ఉన్నట్లే, దాని మీద తయారయిన నెల, కొన్న నెల, ఏ ప్రమాదమూ జరగలేదన్న మాట, పట్టీలు ఉతికిన తేదీ వ్రాసి ఉన్నాయి. కింద కొన్ని గీతలు ఖాళీగా వదిలాము. సెక్టారులో ఎవరింట ఎనిమిదో నెల వచ్చినా కబురు చేయండి. ఆసనంతోపాటు అమర్చి చూపడానికి మేమిద్దరమూ వస్తాము. బియ్యపు సంచి మాత్రం మీరే సిద్ధం చేసుకోవాలి సుమా!